దవడ నొప్పికి ఏ సూది మంచిది?



చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే వేలి కింద కదిలేదే దవడ కీలు. మాట్లాడినా, నమిలినా, ఆవులించినా అది పనిచేయాల్సిందే. దానికి నొప్పి వస్తే అన్నం ముద్ద నమలడం కూడా కష్టమే. అందుకే ఆ బాధతో వచ్చినవారు ఓ.పి.లో కూర్చోకముందే "సిస్టరమ్మా, మంచి సూది ఒకటి వేయించండి" అంటారు. ఈమధ్య కొందరు మందుల పేర్లతో సహా అడుగుతున్నారు: స్టెరాయిడ్ మంచిదా, మన రక్తంతోనే చేసే పి.ఆర్.పి. మంచిదా, బొటాక్స్ మంచిదా అని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సూదులను పోల్చేముందు నొప్పి కండరానిదా, కీలుదా అన్నది తేలాలి. అది తేలకుండా వేసే సూది ఎంత ఖరీదైనదైనా డబ్బు దండగే.

దవడ నొప్పి ఉన్నవారిలో చాలామందికి బాధ కీలులో ఉండదు, నమిలే కండరాలలో ఉంటుంది. నిద్రలో పళ్లు కొరికేవారికి, దిగులుతో రోజంతా పళ్లు బిగించి ఉండేవారికి పొద్దున లేవగానే బుగ్గలు, కణతలు పట్టేసినట్టు ఉంటాయి. బొటాక్స్ వేసేది ఈ కండరాలకే. అది కండరాన్ని సడలిస్తుంది. మూడు నాలుగు నెలలకు దాని ప్రభావం పోతుంది, మళ్లీ వేయించుకోవాలి. ఈలోగా నమిలే బలం తగ్గుతుంది. కండరానికి పని తగ్గడం వల్ల దవడ ఎముక పలచబడవచ్చన్న అనుమానం కూడా వైద్యులలో ఉంది. గర్భిణులకు వేయరు. ఇంతా చేసి పళ్లు కొరికే అలవాటు అలాగే ఉంటే నొప్పి మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక కీలులోకి వేసేవి వేరు. స్టెరాయిడ్ చవక, వాపును త్వరగా తగ్గిస్తుంది. అయితే అదే కీలులో మళ్లీ మళ్లీ వేస్తే లోపలి మృదులాస్థి దెబ్బతినే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజులపాటు షుగర్ పెరగవచ్చు. ఎదిగే పిల్లల విషయంలో ఇంకా ఆలోచించాలి. హయలురానిక్ యాసిడ్ అనేది కీలులో సహజంగా ఉండే జిగురు పదార్థమే. బండి ఇరుసుకు కందెన పెట్టినట్టు అనుకోండి. దానికి ఖర్చు ఎక్కువ. కొన్ని పరిశోధనలలో మేలు కనబడింది, కొన్నింటిలో ఉత్త సెలైన్‌తో పోలిస్తే పెద్ద తేడా కనబడలేదు. పి.ఆర్.పి. అంటే రోగి రక్తాన్నే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని కీలులోకి ఎక్కించడం. "మన రక్తమే కదా, హాని ఏముంటుంది?" అంటారు. రక్తం మనదే గాని సూది బయటిదే. శుభ్రత లోపిస్తే చీము పట్టడానికి అవకాశం ఉంటుంది. పైగా దాన్ని తయారుచేసే పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

వీటికంటే తక్కువ మందికి తెలిసినది కీలును కడగడం. రెండు సూదులు పెట్టి, ఒకదానిలోనుండి సెలైన్ పంపి రెండోదానిలోనుండి బయటకు రానిస్తారు. నిట్జన్, డోల్విక్, మార్టినెజ్ అనే వైద్యులు 1991లో ఈ పద్ధతిని వివరించారు. నోరు ఉన్నట్టుండి బిగుసుకుపోయి తెరుచుకోనివారి కోసం అది మొదలైంది. ఖరీదైన మందేమీ లేదు, ఉప్పు నీళ్లే! చాలాచోట్ల ఇలా కడిగిన తర్వాతే పి.ఆర్.పి. గాని, స్టెరాయిడ్ గాని వేస్తారు. గుణం వస్తే అది కడిగినందుకా, పైన వేసిన మందుకా? బిల్లులో మాత్రం మందు పేరే పెద్దగా కనబడుతుంది.

2023లో బి.ఎం.జె. అనే బ్రిటన్ వైద్య పత్రిక దీర్ఘకాలపు దవడ నొప్పి గురించి మార్గదర్శకాలు ప్రచురించింది. దవడ వ్యాయామాలు, చేతితో చేసే ఫిజియోథెరపీ, మనసులోని ఒత్తిడిని తగ్గించే కౌన్సెలింగ్ వంటివాటిని అది గట్టిగా సమర్థించింది. బొటాక్స్, స్టెరాయిడ్, హయలురానిక్ యాసిడ్ సూదులు, కీలు కడగడం సాధారణంగా వద్దనే వైపే మొగ్గింది. ఉన్నట్టుండి నోరు బిగుసుకుపోవడం వేరే సంగతి. దానికి ఆలస్యం చేయకుండా నోటి, దవడ శస్త్రవైద్యునికి చూపించాలి.

"నెలల తరబడి నొప్పి పడేవాళ్లకు వ్యాయామం చెయ్యమనడం తేలికే సిస్టర్ గారూ" అని మీరనవచ్చు. నిజమే. నేను సూదికి విరోధిని కాను, ఉద్యోగమంతా సూదులు వేసినదాన్నే. కొన్ని వారాలు మెత్తని ఆహారం తిని, వేడి కాపడం పెట్టి, నేర్పిన వ్యాయామం శ్రద్ధగా చేసినా తగ్గకపోతే, పరీక్షలో లోపం కీలులోనే ఉందని తేలితే అప్పుడు సూదికి చోటుంది. కాని వ్యాయామం రెండు రోజులు చేసి మానేసి, వక్కలు నములుతూనే ఉండి, "ఏమీ తగ్గలేదు" అంటే ఎలా?

గుట్కా, వక్కపొడి నమిలేవారికి నోరు తెరుచుకోకపోతే అది చాలావరకు కీలు జబ్బు కాదు. బుగ్గల లోపలి పొర గట్టిపడిపోవడం. దానికిచ్చే సూదులు బుగ్గలోకి ఇస్తారు. అది క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు కాబట్టి ముందు ఆ అలవాటు మానాలి, నోరు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

నడిచినప్పుడు దవడ లాగుతూ ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది గుండె నొప్పి కావచ్చు. యాభై దాటినవారికి నమిలేటప్పుడు దవడ నొప్పితోపాటు కొత్తగా తలనొప్పి, చూపు మసక వచ్చినా, గాయమైన కొద్ది రోజులకు దవడ బిగుసుకున్నా వెంటనే ఆసుపత్రికి రండి.

సూదే వేయించుకోవలసివస్తే, వేసేది కండరానికా కీలుకా, ఎన్నిసార్లు వేయాలి, మొత్తం ఖర్చెంత అని ముందే అడగండి. షుగర్, గర్భం, మందుల ఎలర్జీ, రక్తం పలచబరిచే మాత్రల సంగతి దాచకుండా నర్సుతో చెప్పండి. తిమ్మిరి మందు పక్కకు పాకి కొన్ని గంటలు ఆ వైపు కన్ను సరిగ్గా మూతపడకపోవచ్చు. ఇంటికి తీసుకువెళ్లడానికి ఒకరిని తోడు తెచ్చుకోండి.