స్టెప్నీ మీద బల్ల



మన పల్లెల్లో ఈమధ్య కార్లు బాగా పెరిగాయి. కొత్తది కొనే శక్తి లేకపోయినా, పట్నంలో ఎవరో నాలుగైదేళ్ళు నడిపి అమ్మినదాన్ని కొని తెచ్చుకుంటున్నారు. మంచిదే. వానలో పిల్లలు తడవరు, అర్ధరాత్రి పెద్దవాళ్ళకు ఆయాసం వస్తే ఆటో కోసం వీధులు తిరగనక్కరలేదు. అయితే కారు కొనేటప్పుడు ఇంజను చూస్తాం, ఏసీ వేసి చూస్తాం, సీట్లు నొక్కి చూస్తాం. డిక్కీలో చాప ఎత్తి, దాని కింద పడుకొని ఉన్న స్టెప్నీ ఎలాంటిదో చూసేవారు చాలా అరుదు.

మిర్యాలగూడ నుండి కోదాడలో పెళ్ళికి వెళ్తున్న ఒక కుటుంబానికి నేరేడుచర్ల దాటాక టైరు పోయింది. కారులో పెద్దలు, పిల్లలు కలిసి ఆరుగురు, డిక్కీ నిండా సామాను. సామానంతా రోడ్డు పక్కన దించి చాప ఎత్తితే, స్కూటరు చక్రానికి అన్నలా ఒక సన్నటి చక్రం కనబడింది. దాని మీద ‘80’ అని అంకె వేసిన పసుపు స్టిక్కరు. అది గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని, తాత్కాలికంగా మాత్రమే వాడమని కంపెనీవారు చేసిన హెచ్చరిక. ఆ ఇంటాయన రెండేళ్ళుగా ఆ కారు నడుపుతున్నా ఆ సంగతి ఆ రోజే తెలిసిందట. నెమ్మదిగా వెళ్ళి పెళ్ళికైతే చేరారు గానీ, తిరుగు ప్రయాణం రాత్రి పెట్టుకోలేక అక్కడే నిద్ర చేశారు.

ఇలా సన్నటి చక్రం ఇవ్వడంలో మోసమేమీ లేదు. బరువు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, డిక్కీలో చోటు మిగులుతుంది. 2020లో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించినప్పుడు, ట్యూబ్‌లెస్ టైర్లతోపాటు గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంచరు వేసుకొనే కిట్టు ఉన్న కార్లకు అసలు స్టెప్నీయే అక్కరలేదన్నారు కూడా. ఆ మాటకొస్తే మొట్టమొదటి స్టెప్నీ కూడా పూర్తి చక్రం కాదు. ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశంలో, లనెల్లీ అనే ఊళ్ళో, థామస్ డేవిస్, వాల్టర్ డేవిస్ అనే అన్నదమ్ములు 1904లో దాన్ని తయారుచేశారు. ఊచలు లేని ఒక రిమ్ముకు టైరు తొడిగి, గాలిపోయిన చక్రం పక్కన బిగించి బండిని ఇంటికి చేర్చుకొనేవారు. వారి దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ వీధి. ఆ వీధి పేరే సముద్రాలు దాటి వచ్చి సూర్యాపేట పంచరు షాపులో మన నోట నిలిచిపోయింది!

మరి మన ప్రాంతంలో ఆ సన్నటి చక్రం చాలదా? సూర్యాపేట పట్టణంలోనే తిరిగేవారికి చాలు, వారు డబ్బు ఖర్చు పెట్టుకోవద్దు. కానీ హైదరాబాదు-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద తరచుగా వెళ్ళేవారి సంగతి వేరు. అక్కడ లారీలు, వోల్వో బస్సులు మన వెనుకనే తోసుకొస్తుంటాయి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కోతల కాలంలో ధాన్యం లారీలు, ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరి ఉంటాయి. సిమెంటు లారీలు సరేసరి. రోడ్డు మీద మేకులు, కంకర ముక్కలు, ఊడిపడిన ఇనుప సామాను ఎప్పుడూ ఉండేవే. రాత్రి పదకొండు దాటితే పల్లెల మధ్య పంచరు షాపు తెరిచి ఉండదు. రోగిని తీసుకొని హైదరాబాదు బయలుదేరిన వేళ, మిగతా నాలుగింటితో సమానమైన ఐదో చక్రం ఉంటే పదిహేను నిమిషాల్లో మార్చుకొని మామూలు వేగంతో సాగిపోవచ్చు. ముందు చక్రాలు తిరిగి నడిచే కారుకు ముందు టైరే పోతే, సన్నటి చక్రాన్ని వెనుక బిగించి, వెనుకనున్న మంచిదాన్ని ముందుకు మార్చాలి. అంటే జాకీ రెండుసార్లు ఎత్తాలి. చీకట్లో, ఇంటి ఆడవాళ్ళు పిల్లల్ని పట్టుకొని రోడ్డు పక్కన నిలబడి ఉండగా, ఆ రెండోసారి ఎత్తడం ఎంత భారమో చేసినవారికే తెలుసు.

అందుకే కొందరు పూర్తి సైజు చక్రం కొని డిక్కీలో పడేస్తున్నారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పెద్ద చక్రం గుంటలో పూర్తిగా మునగదు, పైకి పొడుచుకొని ఉంటుంది. కంపెనీ ఇచ్చిన అట్టబల్ల దాని మీద తిరగలి మీద పళ్ళెంలా ఊగుతుంది. ఆ ఊగే బల్ల మీద బియ్యం బస్తా, సూట్‌కేసులు పెడితే నాలుగు రోజుల్లో విరుగుతుంది. ఇంకొందరు బల్ల తీసేసి చక్రాన్ని ఊరికే నిలబెడతారు. అది మరీ ప్రమాదం. పదిహేను, ఇరవై కేజీల చక్రం గట్టి బ్రేకు పడినప్పుడు వెనుక సీటు మీదికి ఎలా వస్తుందో ఆలోచించండి. ఆ సీటులో కూర్చొనేది మన పిల్లలే గదా.

దీనికి మందు ఊళ్ళోని వడ్రంగి చేతిలో ఉంది. చక్రం ఎంత ఎత్తుకు వస్తుందో అంత ఎత్తున ఒక చట్రం, దాని మీద డిక్కీకి సరిపోయే ఒక ప్లైవుడ్ బల్ల. అంతే.

ముందు టైరు మీది అంకెలు చదవడం నేర్చుకోండి. ఉదాహరణకు కారు చక్రాల మీద 205/60 ఆర్ 16 అని ఉందనుకోండి. వెడల్పు 205 మిల్లీమీటర్లు. అందులో నూటికి అరవై పాళ్ళు, అంటే 123 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు. రిమ్ము 16 అంగుళాలు, అంటే 406 మిల్లీమీటర్లు. రెండువైపుల గోడలూ కలిపితే చక్రం మొత్తం 652 మిల్లీమీటర్లు. అదే సన్నటి స్టెప్నీ మీద 125/80 ఆర్ 16 అని ఉంటే, అది మొత్తం 606 మిల్లీమీటర్లు. అంటే కొత్త చక్రం వెడల్పులో 80, అడ్డకొలతలో 46 మిల్లీమీటర్లు పెద్దది. మీ గుంట 652 మిల్లీమీటర్ల చక్రాన్ని పట్టకపోతే అది అంచుల మీదే కూర్చుంటుంది, డిక్కీ సగం పోతుంది. అలాంటప్పుడు ఈ పని మానుకోవడమే మేలు. కొనకముందే, కారుకున్న చక్రాల్లో ఒకటి విప్పి గుంటలో పెట్టి చూడండి. ఖర్చు లేని పరీక్ష.

కొత్త రిమ్ము అల్లాయ్ కానక్కరలేదు, అదే కొలతగల ఇనుప రిమ్ము చాలు. కానీ అల్లాయ్‌కు వాడే నట్లు ఇనుప రిమ్ముకు సరిగ్గా కూర్చోకపోవచ్చు. షాపులో ఒకసారి బిగించి చూపించమనండి. వేరే నట్లు కావలసివస్తే వాటిని ఒక సంచిలో వేసి ఆ చక్రానికే కట్టి ఉంచాలి.

ఇక చక్రాన్ని గుంటలో పడుకోబెట్టి, నడిమి మరబోల్టుతో బిగించండి. సన్నటి చక్రానికిచ్చిన బోల్టు దీనికి పొట్టిదైపోతుంది. అదే మరగల పొడుగు బోల్టు బోల్టుల దుకాణంలో దొరుకుతుంది, లేకపోతే లేతు మిషనువారు చేసిస్తారు. అంతేగాని గుంటకు కొత్తగా రంధ్రం వేయించవద్దు, వెల్డింగు అసలే వద్దు. దాని కింద పెట్రోలు ట్యాంకు, వైర్లు, సైలెన్సరు గొట్టం ఉండవచ్చు.

చక్రం బిగించాక డిక్కీకి అడ్డంగా ఒక తిన్నని రీపరు పెట్టి, కింది అంచు నుండి చక్రం ఎంత పైకి వచ్చిందో కొలవండి. దానికి ఒక సెంటీమీటరు కలపండి, చట్రం ఎత్తు అంతే. బల్ల బరువంతా చట్రం మోయాలి గాని చక్రం మోయకూడదు. ఆ ఎత్తులో డిక్కీ తలుపు మూసి చూడండి. తాళం పడే చోటుకు బల్ల తగలరాదు.

పాత బల్లను ప్లైవుడ్ మీద పెట్టి గీత గీసి కోసేద్దామని వడ్రంగి తొందరపడతాడు. పడనివ్వకండి. డిక్కీ గోడలు నిట్టనిలువుగా ఉండవు, చక్రాల మీది గుబ్బలు పైకి వచ్చేకొద్దీ ఆకారం మారుతుంది. మూడు, నాలుగు అంగుళాలు పైకి లేచిన బల్లకు కొలత కూడా ఆ ఎత్తులోనే తీసుకోవాలి. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టెను విప్పి, కొంచెం పెద్దగా కోసి, చట్రం మీద పెట్టి కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరిస్తూ సరిచేసుకోండి. బట్టల నమూనా కత్తిరించడం తెలిసిన మన ఇంటి ఆడవాళ్ళు ఈ పని మగవాళ్ళకంటే చక్కగా చేస్తారు. అట్ట సరిగ్గా కూర్చున్నాక, చుట్టూ అర సెంటీమీటరు తగ్గించి ప్లైవుడ్ మీద గీయండి. ఆ సందు కార్పెట్ మందానికి.

ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లది చాలు. మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పుగల ముక్క ఇంచుమించు ఆరు కేజీలు తూగుతుంది. గట్టిగా ఉండాలని 19 మిల్లీమీటర్లది వేయిస్తే ప్రతిసారీ ఎత్తేవారి నడుము పట్టుకుంటుంది. తడి సామాను పెడతాం గనుక నీటికి ఉబ్బని రకం అడగండి. ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 303 ముద్రలో బీడబ్ల్యుఆర్ రకం దానికంటే చౌక. పార్టికల్ బోర్డు మాత్రం వద్దు.

బందుల విషయంలో ఒక మాట. బల్లను సగానికి కోసి మధ్యలో బందులు వేస్తే చూడడానికి అందంగా ఉంటుంది. కానీ 65 సెంటీమీటర్ల చక్రం ఆ సగంలోంచి బయటికి రాదు! రోడ్డు మీద సామానంతా దించవలసిందే. బందులు వేయిస్తే వెనుక సీటుకు దగ్గరగా, ఒక జానెడు పట్టీ వదిలి వేయించండి. లేదా బల్ల మొత్తం ఊడి వచ్చేలా ఉంచి, ఎత్తడానికి ఒక బెల్టు ముక్క కొట్టించండి. ఊడి వచ్చే బల్లయినా సరే, డిక్కీలో ముందే ఉన్న కొక్కేలకు పట్టీలతో కట్టే ఏర్పాటు తప్పనిసరి.

చట్రానికి, చక్రానికి మధ్య మూలల్లో ఖాళీ మిగులుతుంది. జాకీ, వీల్ పానా, టార్చి, ఎర్ర త్రిభుజం బోర్డు అక్కడ సర్దండి. వాటి కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పరిస్తే చప్పుడు రాదు.

కొత్త చక్రం ఉంది గదా అని గాలి మరచిపోకూడదు. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద నిండు బరువుకు ఎంత రాసి ఉందో చూసి, దానికంటే మూడు, నాలుగు పీఎస్ఐ ఎక్కువ పెట్టించి, నెలకొకసారి చూపించండి. పాత టైరు కొంటే గోడ మీది నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. గాట్లు బాగున్నా రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది.

చివరిగా బల్లకు కార్పెట్ అంటించేటప్పుడు రబ్బరు జిగురు వాడతారు. అది ఘాటు వాసన వేస్తుంది, మంట తగిలితే అంటుకుంటుంది. ఆరుబయట, పొయ్యికి దూరంగా అంటించి, కార్పెట్ అంచులను కిందికి మడిచి చిన్న మేకులు కొట్టించండి. ఎండాకాలం డిక్కీ వేడికి జిగురు వదిలినా మేకులు వదలవు. ఆ తర్వాత ఒక రోజంతా డిక్కీ తెరిచి ఉంచి, వాసన పోయాకనే పిల్లల్ని కారెక్కించండి.