వెల కట్టటం, విలువ కట్టటం

ఆటబొమ్మను విమర్శ పత్రికలోకి తీసుకురావటం ఏమిటని ముక్కున వేలేసుకునేవారు మనలో వున్నారు. ప్రజల జీవితం, ప్రజల సమస్యలు ఇన్ని వుండగా అమెరికా కామిక్ కథల ప్రతినాయకుడి బొమ్మతో మనకేం పని అని వారి ప్రశ్న. మరోవైపు, అలాంటి బొమ్మలను కొని, కొలిచి, తీర్పు చెప్పేవారున్నారు. ఎత్తెంత, కీళ్లెన్ని, రంగు ఎక్కడ చెదిరింది, ఇచ్చిన డబ్బు గిట్టిందా లేదా - ఇంతవరకే వారి పరిశీలన. మొదటివారు వస్తువును చూడకుండానే తోసిపుచ్చుతారు. రెండోవారు వస్తువును తప్ప దాని వెనక వున్న దేన్నీ చూడరు. ఈ రెండూ విమర్శ కావని నా వాదం.

మాట గాలిలో తేలిపోకుండా ఒక్క బొమ్మనే తీసుకుంటాను. దాని పేరు గెలాక్టస్. 2021 జూలైలో హాస్‌బ్రో కంపెనీ తన హాస్‌ల్యాబ్ పథకం కింద దీన్ని ప్రకటించింది. ఎత్తు 32 అంగుళాలు. 70కి పైగా కీళ్లు. కళ్లలోనూ ఛాతీలోనూ వెలిగే దీపాలు. వెల 400 డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. గడువులోగా 14,000 మంది కొంటామని ముందుకు వస్తేనే తయారు చేస్తామన్నారు. గడువు ముగిసేసరికి వచ్చినవారు 30,000 దాటారు.

ఈ లెక్కలన్నీ చెప్పిన తరువాత కూడా బొమ్మను గురించి మనం ఏమీ చెప్పలేదు. గెలాక్టస్ ఎవరో తెలియనిదే అతని బొమ్మ బాగుందో లేదో తేల్చటం సాధ్యం కాదు. 1966 మార్చి తేదీతో వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' 48వ సంచిక మొదలు మూడు సంచికల్లో స్టాన్ లీ, జాక్ కర్బీ ఈ పాత్రను సృష్టించారు. అతను లోకాలను తిని బతికేవాడు. రావణుడికి కామం వుంది, దుర్యోధనుడికి అసూయ వుంది. వారికి నచ్చజెప్పవచ్చు, వారి దగ్గరకు రాయబారం పంపవచ్చు. గెలాక్టస్‌కు మనుషుల మీద పగ లేదు, రాజ్యకాంక్ష లేదు. ఉన్నది ఆకలి ఒక్కటే. దారిన పోయేవాడికి కాలికింది చీమ మీద ఎంత ద్వేషం వుంటుందో, అతనికి మన మీద అంతే వుంటుంది.

అందువల్ల ఈ పాత్రలో పరిమాణమే వస్తువు. అతను పెద్దవాడుగా కనిపించకపోతే అసలు లేడన్నమాటే. ఐతే వట్టి పెద్దతనం కూడా చాలదు. 2007లో వచ్చిన చలనచిత్రంలో అతన్ని ఆకాశమంత మేఘంగా చూపించారు. పరిమాణానికి లోటు లేదు గాని ముఖం పోయింది. మేఘం ఉపద్రవం కాగలదు, ప్రతినాయకుడు కాలేదు. కర్బీ గీసిన ఆ ఊదారంగు కవచం, రెండు వైపులా కొమ్ముల్లా లేచిన శిరస్త్రాణం, దాని మధ్య చలించని మనిషి ముఖం - ఇవి కలిసినప్పుడే ఆకలికి రూపం వచ్చింది.

ఈ గీటురాయి మీద బొమ్మను పెట్టి చూద్దాం. అమెరికా నుంచి తెప్పించుకున్న నా పూర్వ విద్యార్థి ఇంట్లో దీన్ని తీరికగా పరిశీలించాను. బల్ల మీద ఒంటరిగా నిలబెడితే అది పెద్ద బొమ్మ, అంతే. అదే వరసలో వచ్చే ఆరంగుళాల మనుషుల బొమ్మల్ని నాలుగింటిని దాని పాదాల దగ్గర పెట్టగానే అర్థం మారింది. ఆరడుగుల మనిషి ఆరంగుళాలైతే, 32 అంగుళాలవాడు 32 అడుగులవాడు. ఆ నలుగురూ తలలెత్తి చూస్తున్నారు, అతను వారిని చూడటం లేదు. శిల్పి కథను చదివి పనిచేశాడనటానికి ఇది నిదర్శనం. ఇందులో బొమ్మ నెగ్గిందని నిస్సంకోచంగా చెబుతాను.

కీళ్ల సంగతి వేరు. కీళ్లు ఎన్ని వుంటే అంత గొప్ప అనే భావం సమీక్షకులలో పాతుకుపోయింది. మన తోలుబొమ్మలాటలో బొమ్మకు భుజం దగ్గర, మోచేతి దగ్గర కీలు పెట్టేది లెక్క పెంచటానికి కాదు, ఆ పాత్ర ఆ పద్యానికి చెయ్యెత్తవలసి వుంది గనుక. గెలాక్టస్ గంతులు వేసే పాత్ర కాదు. మొదటి కథలో అతను చేసిన పని న్యూయార్కులో ఒక మేడమీద నిలబడి, భూమిని పీల్చే యంత్రాన్ని అమర్చుకోవటం. కనుక అతనికి కావలసినవి చేతులు. ఈ బొమ్మకు వేళ్లు కూడా వంగుతాయి. చెయ్యి చాచి వేళ్లు విప్పితే ఆ పాత్రలోని ఉదాసీనత ఇట్టే కనిపిస్తుంది. కీళ్లను మెచ్చుకోవలసింది ఇందుకు. మోకాలి కీలునూ వేలి కీలునూ ఒకే లెక్కలో కలిపి మొత్తం చెప్పటం కంసాలి పనే గాని విమర్శకుడి పని కాదు.

ఇక వెల. 1966లో ఆ సంచిక వెల 12 సెంట్లు. ధరల పెరుగుదలను కలుపుకుంటే, బొమ్మ వచ్చిన 2021 నాటికి అది ఇంచుమించు ఒక డాలరు. అంటే కుర్రవాడు జేబులో చిల్లరతో కొనుక్కున్న పాత్ర నాలుగు వందల రెట్లు వెలకు పెద్దవాడి అలమరలోకి చేరింది. వెల ఎక్కువని మాత్రమే నా అభ్యంతరం కాదు, ఆ వెల వసూలైన పద్ధతిని చూడాలి. బొమ్మ మరుసటి సంవత్సరం చివర్లో గాని అందదు. డబ్బు ఏడాది ముందే ఇవ్వాలి. 30,000 మందిని 400 డాలర్లతో గుణిస్తే కోటీ 20 లక్షల డాలర్లు. సరుకు పుట్టకముందే సరుకుకు మార్కెట్టు సిద్ధం. అదే ఏడాది డిసెంబరులో 'స్టార్ వార్స్' కథలోని రాంకార్ అనే మృగం బొమ్మకు కావలసిన 9,000 మంది రాలేదు. దాన్ని చెయ్యటం మానేశారు. అమ్ముడుపోదనే భయం ఒకప్పుడు పెట్టుబడిదారుడు మోసేది. ఇప్పుడు ఆ భారాన్ని బొమ్మను ప్రేమించేవాడి భుజాన పెట్టి, దానికి భాగస్వామ్యమని పేరు పెట్టారు. లాభంలో మాత్రం భాగం లేదు.

ఈ ఆకలి కొత్తది కూడా కాదు. 2005లో టాయ్ బిజ్ కంపెనీ ఇదే గెలాక్టస్‌ను ముక్కలు చేసి, ఒక వరస బొమ్మల పెట్టెల్లో తలా ఒక అంగం పెట్టి అమ్మింది. అతను పూర్తిగా కావాలంటే వరసంతా కొనాలి.

ఎవరూ బలవంతం చెయ్యలేదు గదా, ఇష్టపడి కొన్నారు గదా అంటారు. నిజమే. ముందుగా లెక్క తేలటం వల్ల మిగిలిపోయిన సరుకు గోదాముల్లో కుళ్లదనీ, ఇంత పెద్ద బొమ్మ మామూలు దుకాణానికి వచ్చేది కాదనీ కూడా అంటారు. అదీ ఒప్పుకుంటాను. కాని ఇష్టపడి కొన్నాడు గనుక ఇక అడగవలసిందేమీ లేదనటం వర్తకుడి తర్కం. ఆ ఇష్టాన్ని పుట్టించినవాడెవడు, అతనికి ఏమి దక్కిందీ అని అడగటం విమర్శకుడి ధర్మం.

పుట్టించినవాడు ముఖ్యంగా జాక్ కర్బీ. 1917లో న్యూయార్కులో వలస వచ్చిన యూదు కుటుంబంలో, బట్టల ఫ్యాక్టరీ కార్మికుడికి పుట్టినవాడు. పేజీకింతని కూలి తీసుకుని గీశాడు. తన చేత్తో గీసిన మూల చిత్రాలను తిరిగి తెచ్చుకోవటానికే 1980లలో కంపెనీతో ఏళ్ల తరబడి పెనుగులాడాడు. 1987లో తిరిగి వచ్చినవి అతను గీసినవాటిలో కొద్ది భాగమే. 1994లో చనిపోయాడు. హక్కుల కోసం వారసులు నడిపిన వ్యాజ్యంలో, అది కంపెనీ కోసం చేసిన పని గనుక హక్కులు కంపెనీవేనని 2013లో అప్పీలు కోర్టు తేల్చింది. 2014లో అది సుప్రీంకోర్టు గడప దగ్గర రాజీగా ముగిసింది. నేను చదివిన సమీక్షల్లో ఒక్కటీ శిరస్త్రాణం రంగును గురించి రాసినంత కూడా ఈ సంగతిని గురించి రాయలేదు.

ఆ మొదటి కథలోనే వీటన్నిటికీ సమాధానం వుంది. గెలాక్టస్ దూతగా వచ్చిన సిల్వర్ సర్ఫర్‌ను యజమాని మీద తిరగబడేటట్టు చేసింది ఆయుధం కాదు, ఎలీషియా అనే అంధురాలైన శిల్పి. చేతులతో రూపాన్ని తెలుసుకునే ఆ మనిషి, నాశనం కాబోతున్న ఈ లోకంలో విలువైనదేదో వుందని అతనికి నచ్చజెప్పింది. తినటానికి లోకం ఎంత పనికివస్తుందని చూసే కన్ను యజమానిది. లోకంలో ఏముందని చూసేది శిల్పి చెయ్యి.

బొమ్మను తోసిపుచ్చే మిత్రులకు నేను చెప్పేది ఇదే: వేలమంది మనుషుల ఊహను పట్టుకున్న రూపాన్ని పరిశీలించకుండా వదిలేస్తే, దాన్ని పూర్తిగా వర్తకుడికి అప్పగించినట్టే. కొలతలు చెప్పే మిత్రులకు కూడా ఒక మాట: రూపం పాత్రకు తగివుందా, కీలు పనికి తగివుందా అని మాత్రమే కాదు, దాన్ని ఊహించిన చేతికి తగిన ప్రతిఫలం దక్కిందా, అమ్మిన పద్ధతి న్యాయమైనదేనా అని కూడా అడగండి. ఈ ప్రశ్నలు అడగనంతకాలం మనం వెల చెప్పేవాళ్లం అవుతాం గాని, విమర్శకులం కాము.