ఆమె మాట చెల్లదని ఏ చట్టం చెప్పింది?

"అసలే మతి సరిగ్గా లేని మనిషి, ఆవిడ చెప్పేది పట్టుకుని కేసు పెడతామా?" మానసిక వైద్యశాలలోనో, డీ-అడిక్షన్ సెంటర్లోనో చేరిన స్త్రీ అక్కడి సిబ్బంది తన మీద అత్యాచారం చేశారని చెప్పినప్పుడు మొదట వినపడేది ఈ మాటే. ఇంట్లోవాళ్ళూ, స్టేషన్లో రైటరూ, ఆసుపత్రి ఆఫీసులో పెద్దమనిషీ అందరూ ఇదే అంటారు. చదువుకున్నవాళ్ళు కాస్త మర్యాదగా "పాపం నిజమే కావచ్చు, కానీ కోర్టులో నిలబడదండీ" అంటారు. ఈ నమ్మకం ఎంత పాతుకుపోయిందంటే, బాధితురాలి తరఫున మాట్లాడాల్సిన వాళ్ళు కూడా చట్టం తెరిచి చూడకుండానే చేతులెత్తేస్తున్నారు. తెరిచి చూస్తే అందులో ఉన్నది దీనికి పూర్తిగా విరుద్ధం.

1872 నాటి సాక్ష్య చట్టం, అంటే ఇంగ్లీషు దొరల కాలంలో రాసిన చట్టం కూడా, మతిస్థిమితం లేనంత మాత్రాన మనిషి సాక్ష్యానికి పనికిరాకుండా పోడని చెప్పింది. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని సబబైన జవాబు చెప్పగలరా లేదా అన్నదే అది పెట్టిన పరీక్ష. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 124వ సెక్షన్‌లో ఆ నియమం అలాగే కొనసాగింది. ఆ పరీక్ష పెట్టాల్సింది న్యాయమూర్తి. వార్డు సూపర్‌వైజర్‌కూ, సబ్‌ఇన్‌స్పెక్టర్‌కూ ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక మనిషికి మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటించనిదే, ఆ మనిషి మతిస్థిమితం లేనివాడని అనుకోకూడదని మూడో సెక్షన్‌లోనే రాసింది. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న గృహిణినీ, మద్యం మాన్పించడానికి చేర్చిన అమ్మాయినీ "పిచ్చివాళ్ళు" అనే ఒకే గాటన కట్టి, వాళ్ళ నోళ్ళు మూయించే అలవాటును ఈ చట్టం ఒప్పుకోదు.

సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో 2021లో పఠాన్ జమాల్ వలీ కేసులో తీర్పు ఇచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసు. బాధితురాలు పుట్టుకతోనే చూపు లేని దళిత యువతి. నిందితుణ్ణి గొంతు బట్టి గుర్తుపట్టింది. వైకల్యం ఉన్న మనిషి లోకాన్ని తెలుసుకునే తీరు వేరు, అంతమాత్రాన ఆ సాక్ష్యం బలహీనమైపోదని కోర్టు స్పష్టంగా చెప్పింది. మన నేల మీద జరిగిన ఘోరంలోంచి వచ్చిన తీర్పు ఇది. దీన్ని మన పోలీస్ స్టేషన్లలో ఎంతమందికి చదివి వినిపించారో చెప్పమని అడుగుతున్నాను.

రెండో వాదన ఇంకా నీచమైంది. "ఆవిడే ఇష్టపడిందండీ, అతనితో చనువుగా ఉండేది" అంటారు. చట్టం ఈ దారి ముందే మూసేసింది. ఆసుపత్రి యాజమాన్యంలోనో, సిబ్బందిలోనో ఉన్నవాడు ఆ ఆసుపత్రిలోని స్త్రీపై అత్యాచారం చేస్తే పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 64(2) సెక్షన్ ప్రకారం తక్కువలో తక్కువ పదేళ్ళ కఠిన కారాగారం, గరిష్ఠంగా బతికున్నంత కాలం జైలు. మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్న స్త్రీపై చేసినా ఇదే శిక్ష. ఈ కేసుల్లో లైంగిక చర్య జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. కాదని నిరూపించుకునే భారం నిందితుడిదే. అత్యాచారం నిర్వచనంలోకి రాకపోయినా సరే, తన సంరక్షణలో ఉన్న రోగిని తన హోదా అడ్డం పెట్టుకుని లొంగదీసుకుంటే అదే సంహిత 68వ సెక్షన్ కింద ఐదు నుంచి పదేళ్ళు. వేళకు మాత్ర ఇచ్చేదీ, తలుపు తాళం వేసేదీ, ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చేదీ ఒకడే అయినప్పుడు ఆమె "ఇష్టం" అనే మాటకు విలువేముంటుంది? రోగి పద్దెనిమిదేళ్ళలోపు పిల్ల అయితే ఆ ప్రశ్నే తలెత్తదు. ఆసుపత్రి సిబ్బంది చేసిన అత్యాచారానికి, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద కనీసం ఇరవై ఏళ్ళు. పైగా విషయం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం.

"భ్రమలో ఉన్న రోగి ఏదో అంటే నిర్దోషి అయిన నర్సో, డాక్టరో నలిగిపోడా?" అని నిజాయితీగా అడిగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు జవాబు చెప్పాల్సిందే. భ్రమలు వ్యాధిలో భాగమే, కాదనను. కానీ ఒక మాట భ్రమో కాదో తేల్చడానికే దర్యాప్తు ఉన్నది. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, కేస్ షీట్‌లో ఏ మత్తు ఇంజెక్షన్ ఎన్ని గంటలకు రాశారు, సీసీ కెమెరా ఏం చూపిస్తోంది, వైద్య పరీక్షలో ఏం దొరికింది, ఇవన్నీ చూస్తే నిర్దోషికి భయమేముంది? ఏమీ చూడకుండా జబ్బు పేరు ఒక్కటి చెప్పి ఫిర్యాదు కొట్టేస్తే నిర్దోషి గౌరవమూ దక్కదు, దోషి మాత్రం రేపు ఇంకో వార్డులో ఇంకో రోగి దగ్గరికి వెళ్తాడు. ఎవరి మాట ఎవరూ నమ్మరో వాళ్ళనే అతను ఎంచుకుంటాడు. ఈ మాట మీద నాకు ఏ సందేహమూ లేదు.

ఫిర్యాదు చేసే పద్ధతి కూడా ఆమెకు తగ్గట్టే ఉంది. వైకల్యం ఉన్న బాధితురాలు స్టేషన్‌కు రానక్కర్లేదు. ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో పోలీసులే వచ్చి, ప్రత్యేక బోధకుల సాయంతో, వీడియో తీస్తూ ఫిర్యాదు రాసుకోవాలి. మేజిస్ట్రేటు అలాగే రికార్డు చేసిన వాంగ్మూలాన్ని విచారణలో ఆమె తొలి సాక్ష్యంగానే తీసుకుంటారు. ఆ కథంతా కోర్టులో మళ్ళీ మొదటి నుంచీ చెప్పే బాధ తప్పుతుంది. ఘటన వేరే జిల్లాలో జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. ఇలాంటి నేరంలో ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు ఉంది. పరువు పోతుందని భయపడేవాళ్ళు తెలుసుకోవాల్సింది, బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం కూడా శిక్షార్హమేనని.

ఇక ఆసుపత్రులు చెప్పే మాట: "మేం లోపల విచారణ చేశాం, అతన్ని పంపించేశాం, ఇంతటితో వదిలేయండి." సంస్థలో ఫిర్యాదు చేయడం రోగి హక్కు. అక్కడ తేలకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికీ, తర్వాత రాష్ట్ర ప్రాధికార సంస్థకూ వెళ్ళవచ్చు. అయితే ఆ ఫిర్యాదు వల్ల కోర్టుకెళ్ళే హక్కు పోదని 2017 చట్టమే 28వ సెక్షన్‌లో చెప్పింది. లోపలి విచారణ చూపించి ఎఫ్‌ఐఆర్ ఆపడానికి ఎవరికీ అధికారం లేదు. ఉద్యోగం ఊడగొట్టడం శిక్ష అనిపించుకోదు. సంస్థ బాధ్యత కూడా తప్పదు. హౌరా రైల్వే యాత్రీ నివాస్‌లో ఒక బంగ్లాదేశ్ మహిళపై అత్యాచారం జరిగినప్పుడు, రైల్వే పది లక్షల రూపాయల పరిహారం కట్టాలన్న కలకత్తా హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2000లో సమర్థించింది. రైల్వే గదికి వర్తించిన న్యాయం ప్రభుత్వ వైద్యశాల వార్డుకు వర్తించదా? డబ్బు తీసుకుని చేర్చుకున్న ప్రైవేటు ఆసుపత్రిని వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోగా ఈడ్చవచ్చు. నేరస్థుడు దొరకకపోయినా బాధితురాలు పరిహారం అడగవచ్చు. 2018 నాటి జాతీయ న్యాయ సేవల సంస్థ పథకంలో అత్యాచార బాధితురాలికి నాలుగు నుంచి ఏడు లక్షల రూపాయలు నిర్ణయించారు.

చట్టం లోపం లేనిదని నేను చెప్పడం లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా సెంటర్ నడిపితే మొదటిసారి జరిమానా ఐదు వేల నుంచి యాభై వేల రూపాయలే. ఒక రోగి దగ్గర నెలకు గుంజే డబ్బుకు అది ఏ మూలకు? ఇంకా బాధ కలిగించేది మగ రోగుల సంగతి. పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్ కొత్త సంహితలోకి రాలేదు. అత్యాచారం సెక్షన్ స్త్రీలకే పరిమితం. డీ-అడిక్షన్ సెంటర్లో అత్యాచారానికి గురైన, పద్దెనిమిదేళ్ళు దాటిన కుర్రవాడికి మిగిలింది మామూలు దాడి, గాయం సెక్షన్లూ, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షనూ. ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై జరిగితే 2019 చట్టం కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. ఇది పార్లమెంటు వెంటనే సరిదిద్దాల్సిన అన్యాయం. కానీ ఈ లోపాలు చూపించి, ఉన్న చట్టాన్నే వాడకుండా కూర్చోవడం ఏం న్యాయం?

మీ ఇంటి మనిషి వార్డులోంచి వచ్చి అలాంటి మాట చెబితే, ముందు వినండి. ఆమె వేసుకున్న బట్టలు ఉతకకండి. కేస్ షీట్ నకలు రాతపూర్వకంగా అడగండి, అది రోగి హక్కు. ఏ ఆసుపత్రికైనా తీసుకెళ్ళండి, అత్యాచార బాధితురాలికి ఉచితంగా చికిత్స చేసి పోలీసులకు తెలియజేయడం వాళ్ళ విధి. ఆలస్యమైందని వెనక్కి తగ్గకండి, అత్యాచారం కేసుకు కాలపరిమితి లేదు. వకీలుకు డబ్బుల్లేవని ఆగకండి. స్త్రీలకూ, వైకల్యం ఉన్నవాళ్ళకూ ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. జాతీయ న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ నంబరు 15100.