మన పుట్టిన తేదీకి సాక్ష్యం ఏది?

మన హాస్టళ్ళలో జూన్ ఒకటిన పుట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. బడిలో చేర్చేటప్పుడు అమ్మానాన్నలకు తేదీ గుర్తుండదు, అయ్యవారు జూన్ ఒకటి అని రాసుకుంటారు. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదని మా అభిప్రాయం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో తొమ్మిదో, పదో చదివే ఆడపిల్లకు మేనమామతో పెళ్ళి మాట వస్తే, కోర్టు అడిగేది ఆ తేదీనే. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండాలి. కానీ నిండకుండా చేసిన పెళ్ళి దానంతటదే రద్దు కాదు. అమ్మాయి తనకు 20 ఏళ్ళు నిండేలోగా జిల్లా కోర్టును కోరితే రద్దవుతుంది. ముందే మెజిస్ట్రేటు ఆపమని ఉత్తర్వు ఇచ్చి ఉంటే మాత్రం, దాన్ని కాదని కట్టిన తాళి అసలే చెల్లదు. అందుకే పెళ్ళికి ముందు చేసే ఫిర్యాదుకు విలువ ఎక్కువ. దానికి వయసు రుజువు కావాలి.

పెద్దలు ఆధార్ కార్డు చూపిస్తారు. అది పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి సర్టిఫికెట్టే మేలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. బాలల సంక్షేమ కమిటీ కూడా మొదట బడి సర్టిఫికెట్టే చూస్తుంది. అది లేకపోతే జనన ధృవపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష ఏడాది, రెండేళ్ళు అటూ ఇటూ చెబుతుంది. పదహారేళ్ళ పిల్లకు పద్దెనిమిది అని వస్తే ఇంకేముంది?

బడి రికార్డుకూ బలహీనత ఉంది. తేదీ ఎవరు చెప్పారో, దేన్ని చూసి రాశారో తేలకపోతే దానికి పెద్ద విలువ లేదని సుప్రీంకోర్టు 1988లోనే ఒక ఎన్నికల కేసులో అంది. మన జూన్ ఒకటి గతి అదే!

కాన్పు ఎక్కడైతే నమోదు అక్కడే. కృష్ణగిరిలోనో కోలారులోనో పుట్టిన కుప్పం పిల్లల కాగితం తమిళంలోనో కన్నడంలోనో ఉండి, ట్రంకుపెట్టెలోనే ఉండిపోతుంది. అసలు నమోదే కాకపోతే, ఏడాది దాటినా ఆర్డీవో ఉత్తర్వుతో చేయించుకోవచ్చు.

పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్ళేలోగా ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు ఒక్కొక్కరి జనన పత్రం చూసి రిజిస్టరు సరిచేయాలని కోరుతున్నాం. కాస్మెటిక్ చార్జీల రిజిస్టరు పైసాతో సహా రాస్తున్నాం కదా, ఇది రాయలేమా?

మిత్రులారా, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు పెట్టె వెతకండి. ముందు అక్కాచెల్లెళ్ళ కాగితాలు చూడండి. పెళ్ళి మాట ఇప్పటికే వచ్చి ఉంటే 1098కి ఫోన్ చేయండి.