మాటలు రాలేదని తెలుగు మానేయకండి

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ ఇల్లంతా తిరుగుతూ ఏదో ఒకటి వాగుతూ ఉండే రెండున్నరేళ్ల పిల్లాడు, డాలస్ వెళ్లి డేకేర్‌లో చేరాక మూగబోతాడు. రెండు నెలలయ్యాక ఒక సాయంత్రం టీచర్ మెల్లగా చెబుతుంది: ‘మీవాడు రోజంతా ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు. ఇంట్లో కొంచెం ఇంగ్లిష్ మాట్లాడి చూడండి.’ ఆ రాత్రే ఇంట్లో తీర్మానం అయిపోతుంది. రేపటి నుంచి వాడితో అంతా ఇంగ్లిషే. ఇక్కడున్న నానమ్మకూ ఫోన్ వస్తుంది. ‘అత్తయ్యా, మీరు కూడా వాడితో చిన్న చిన్న ఇంగ్లిష్ మాటలే మాట్లాడండి. రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడట.’

మీ కొడుకో కూతురో విదేశంలో ఉంటే ఇలాంటి ఫోన్ మీకూ వచ్చి ఉండొచ్చు. మీరే ఆ పిల్లాడి అమ్మానాన్నలైతే ఈ తీర్మానం మీ ఇంట్లోనే జరిగి ఉండొచ్చు. నా దృష్టిలో ఇది తప్పు. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో తప్పు కూడా ఉంది. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదు, వాడే మాట్లాడతాడులే’ అని చేతులు కట్టుకుని కూర్చోవడం. మొదటి దానివల్ల భాష పోతుంది. రెండో దానివల్ల కాలం పోతుంది. పసివయసులో పోయిన కాలం మరీ ఖరీదు.

ముందు ఆ పిల్లాడికి అసలేం జరిగిందో చూడండి. ఇక్కడ పొద్దున లేస్తే వాడి చుట్టూ ఎన్ని గొంతులు! తాతయ్య పేపరు చదువుతూ వాడితో మాట్లాడతాడు. నానమ్మ పూలు కోస్తూ ఒక్కో పువ్వూ చూపిస్తుంది. పనమ్మాయి గిన్నెలు తోముతూ వాడిని ఆటపట్టిస్తుంది. మెట్ల దగ్గర వాచ్‌మన్, ఎదురింటి ఆంటీ, కూరగాయల బండాయన, అందరూ వాడిని పలకరించేవాళ్లే. అక్కడికి వెళ్లాక నాన్న పొద్దుటి నుంచి మీటింగుల్లో ఉంటాడు. అమ్మకు ఉద్యోగం ఉంటే పిల్లాడు డేకేర్‌లో. లేకపోతే డ్రైవింగ్ లైసెన్స్ ఇంకా చేతికి రాని ఆ అమ్మాయి, మూసిన తలుపుల అపార్ట్‌మెంట్‌లో, వంటా బట్టలూ తానే చూసుకుంటూ రోజంతా వాడితో ఒక్కతే ఉండాలి. వంట చేసేంతసేపు వాడు కదలకుండా ఉండాలంటే ట్యాబ్ ఇవ్వక తప్పదు. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నాలుగు చేతులు పంచుకునే పని ఆమె రెండు చేతుల మీద పడింది. కానీ లెక్క మాత్రం లెక్కే. పదిమంది గొంతులు విన్న చెవులకు ఒకటో రెండో మిగిలాయి. ఆ పిల్లాడికి తగ్గింది మనుషుల మాట. దాన్ని ఇంగ్లిష్ లోటుగా పొరబడుతున్నాం.

అలాంటప్పుడు తెలుగు మానేస్తే ఉన్న ఆ కాస్త మాటా సగమవుతుంది. ఆఫీసులో క్లయింటుతో గంటసేపు మాట్లాడే ఇంగ్లిష్ వేరు, అన్నం తిననని మారాం చేసే పిల్లాడిని బుజ్జగించే ఇంగ్లిష్ వేరు. ఆ రెండోది మనలో చాలామందికి లేదు. ఏం చేస్తాం? ‘నో’, ‘సిట్’, ‘కమ్ హియర్’, ‘ఈట్ ఫాస్ట్’ దగ్గర ఆగిపోతాం. అదే తెలుగులో అయితే, ‘అదిగో ఉడత చూడు, తోక ఎలా ఊపుతోందో! దానికి ఆకలేస్తోందేమో, ఈ ముద్ద దానికిచ్చేద్దామా?’ అని ముద్ద పెడతాం. ఈ ఒక్క మాటలో ప్రశ్న ఉంది, ఊహ ఉంది, బెదిరింపు ఉంది, ముద్దూ ఉంది. పిల్లలు భాష నేర్చుకునేది ఇలాంటి మాటల్లోంచి. తెలుగులో ఇలా వాక్యాలు కట్టడం వచ్చిన పిల్లాడికి ఆ నేర్పు ఇంగ్లిష్‌లోనూ పనికొస్తుంది.

రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ వంటి నిపుణుల సంఘాలు చెబుతున్నదీ ఇదే. ‘మమ్మీ, వాటర్ కావాలి’ అని రెండు భాషలు కలిపి మాట్లాడితే కంగారు పడకండి. మనం పొద్దస్తమానం మాట్లాడుకునేది అదే కదా. ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టేటప్పుడు కూడా రెండు భాషలవీ కలిపే లెక్కపెట్టాలి. ‘పాలు’ ఒక మాట, ‘బాల్’ ఒక మాట.

మరి డేకేర్‌లో ఆ మౌనం ఎందుకు? కొత్త భాష మధ్యలో పడిన చిన్నపిల్లలు చాలామంది కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మాట్లాడకుండా వింటారు. మొదట కొద్ది రోజులు తెలుగులోనే మాట్లాడి చూస్తారు. ఎవరికీ అర్థం కావట్లేదని తెలిశాక నోరు కట్టేసుకుని సైగలతో నెట్టుకొస్తారు. తర్వాత ‘మోర్’, ‘మై టర్న్’ లాంటి ముక్కలు, ఆ తర్వాత వాక్యాలు. మనం తమిళనాడులో ఓ పల్లెకు కాపురం వెళ్తే మొదటి నెల చేసే పని కూడా దాదాపు ఇంతే. ఇది జబ్బు కాదు.

ఇప్పుడు రెండో తప్పు సంగతి. ఆ మౌనానిదీ అసలైన మాటల ఆలస్యానిదీ తేడా మీ ఇంట్లోనే తెలుస్తుంది. డేకేర్‌లో మౌనంగా ఉండి, కారెక్కగానే తెలుగులో కబుర్లు మొదలుపెట్టే పిల్లాడి గురించి కాస్త ఓపిక పట్టొచ్చు. ఇంట్లో కూడా, తెలుగులో కూడా మాట లేకపోతే నెపం కొత్త దేశం మీదా రెండు భాషల మీదా వేయొద్దు. ఏడాదిన్నరకు తనకు నచ్చినదాన్ని వేలితో మీకు చూపించకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్లకు ‘అమ్మా రా’, ‘ఇంకా పాలు’ అన్నట్టు రెండు మాటలు కలపకపోయినా డాక్టర్‌కు చూపించాలి. అమెరికా సీడీసీ తల్లిదండ్రుల కోసం ఇచ్చిన జాబితాలో రెండున్నరేళ్లకు సుమారు 50 మాటలు అని ఉంటుంది. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకండి. ‘దేశం మారాడు కదా, బెంగ పెట్టుకున్నాడేమో’ అని సరిపెట్టుకోవడం ఇక్కడే ప్రమాదం.

మొదటి పరీక్ష చెవులకు. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఆసుపత్రిలోనే వినికిడి పరీక్ష చేస్తారు. మన దగ్గర అన్ని ఆసుపత్రుల్లోనూ చేయరు. ఇక్కడ పుట్టి అక్కడికి వెళ్లిన పిల్లాడికి ఆ పరీక్ష అసలు జరిగిందో లేదో కాగితాలు తీసి చూడండి. పైగా డేకేర్‌లో చేరిన మొదటి ఏడాది జలుబులు వస్తూనే ఉంటాయి. జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే, చెవిలో దూది పెట్టుకుని విన్నట్టు ఉంటుంది. నొప్పీ ఉండకపోవచ్చు, జ్వరమూ ఉండకపోవచ్చు. పిల్లాడు మొండికేస్తున్నాడని మనం అనుకుంటాం.

రెండోది, 18 నెలలకు, రెండేళ్లకు పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ చేయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ప్రశ్నల కాగితం చేతికిచ్చి టిక్కులు పెట్టమంటారు. అన్నిటికీ మంచి జవాబులే పెట్టి మనవాణ్ని ‘పాస్’ చేయించేద్దామన్న ఉబలాటం మనకు జాస్తి. అది పరీక్ష పేపరు కాదు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

మూడేళ్ల లోపు పిల్లలకు అక్కడ ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’ అనే ఏర్పాటు ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. టెక్సస్‌లో దాన్ని ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్ అంటారు. డాక్టర్ చీటీ కోసం ఆగకుండా తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేసి అడగొచ్చు. పిల్లాడిని పరీక్షించినందుకు డబ్బు తీసుకోరు. అడిగిన 45 రోజుల్లో పరీక్ష పూర్తి చేసి, అర్హుడైతే తల్లిదండ్రులతో కూర్చుని ప్రణాళిక వేయాలన్నది నియమం. మూడేళ్లు దాటితే ఆ బాధ్యత స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. వీలున్నంతవరకు పిల్లాడి సొంత భాషలోనే పరీక్షించాలని కూడా చట్టంలో ఉంది. కాబట్టి ‘మావాడికి తెలుగే వచ్చు’ అని మొహమాటం లేకుండా చెప్పండి. ‘రికార్డుల్లోకి ఎక్కుతుందేమో’, ‘అమెరికా పౌరుడు కాడు కదా, ఇస్తారా’ అని వెనకాడేవాళ్లు మనలో ఎక్కువ. ఇది ఎవరో దయతలచి చేసే సాయం కాదు, పిల్లలకు విద్యాచట్టం ఇచ్చిన హక్కు. పిల్లాడి పౌరసత్వం దానికి షరతు కాదు. బ్రిటన్‌లోనూ రెండు, రెండున్నరేళ్ల మధ్య పిల్లాడి ఎదుగుదలను హెల్త్ విజిటర్ బృందం చూస్తుంది. ఆ అపాయింట్‌మెంట్ దాటవేయకండి.

పరీక్షలో నిజంగానే ఆలస్యం తేలి, ఇంగ్లిష్‌లో స్పీచ్ థెరపీ మొదలైతే? అప్పుడైనా ఇంట్లో తెలుగు ఆపనక్కర్లేదు. ఆటిజం ఉన్న పిల్లలకు కూడా రెండు భాషల వల్ల చెరుపు జరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. థెరపిస్ట్ నేర్పిన ఆటనే ఇంట్లో తెలుగులో ఆడించండి.

ఇక్కడ నానమ్మలకూ అమ్మమ్మలకూ ఒక మాట. అల్లుడి సూట్‌కేసులో వసకొమ్ము పెట్టి పంపకండి. గలగలా మాట్లాడే పిల్లను చూసి ‘నీకు వస ఎక్కువ పోశారా’ అని మనం నవ్వుకుంటాం గానీ, వస వల్ల మాటలు రావు. పైగా అందులోని ఒక రసాయనం కారణంగా వసను ఆహారంలో వాడకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది. మీ దగ్గర అంతకన్నా మంచి మందు ఉంది. మీ మాట.

ఫోన్లో మాట్లాడితే ఏం లాభం అనుకోకండి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఇంగ్లిష్ ఇళ్లలో పెరుగుతున్న తొమ్మిది నెలల పిల్లల ముందు కూర్చుని చైనా మాండరిన్ మాట్లాడేవాళ్లు 12 సార్లు ఆడించి, పుస్తకాలు చదివి వినిపించారు. ఆ పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడాను పట్టుకున్నారు. అదే మనుషులను, అవే మాటలను టీవీలో చూపించిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. యూట్యూబ్‌లో తెలుగు పాటలు పెట్టి వదిలేస్తే తెలుగు రాకపోవడానికీ, ఇంగ్లిష్ రైమ్స్ పెట్టి వదిలేస్తే ఇంగ్లిష్ రాకపోవడానికీ కారణం ఒకటే. తెర వీడికి బదులు చెప్పదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

వీడియో కాల్ మాత్రం అలాంటి తెర కాదు. 2014లో వచ్చిన మరో అమెరికా పరిశోధనలో రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లలు ఎదుట ఉన్న మనిషి నుంచి ఎంత బాగా కొత్త క్రియాపదాలు నేర్చుకున్నారో, వీడియో కాల్‌లో మాట్లాడిన మనిషి నుంచీ అలాగే నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేదు. అటువైపు మనిషి వీడు చేసేదానికి స్పందించడమే కీలకం. కాకపోతే మనం చేసే వీడియో కాల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ‘హాయ్ చెప్పు, ముద్దు పెట్టు, తిన్నావా, ఏం తిన్నావు, తాతయ్యకు రైమ్ చెప్పు.’ ఇది ఇంటర్వ్యూ. వాడు పారిపోతాడు. అలా కాకుండా ఫోన్ వంటింటి గట్టు మీద ఆనించి చిక్కుడుకాయలు వలవండి, ముగ్గేయండి, పెరట్లో ఆవును చూపించండి, కొంగు మొహం మీద కప్పుకుని దాగుడుమూతలాడండి. వాడేం చూస్తుంటే దాని గురించే మాట్లాడండి. డాలస్‌లో సాయంత్రం ఏడైతే మనకు వేసవిలో తెల్లవారి ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. పెద్దవాళ్లు ఎలాగూ లేచి ఉండే వేళే. పావుగంట చాలు, కానీ రోజూ కావాలి. అక్కడ వాడి అమ్మకు ఆ పావుగంటలో స్నానమో, వేడి కాఫీయో దక్కుతుంది. అది కూడా ఆరోగ్యమే.

ఇదంతా ఎందుకంటారా? పరాయి దేశంలో ఇంటి భాష పోగొట్టుకున్న పిల్లల కుటుంబాలను పరిశీలించి లిలీ వాంగ్ ఫిల్మోర్ అనే భాషా పరిశోధకురాలు 1991లో ఒక వ్యాసం రాశారు. ఇంగ్లిష్ బడిలో మరీ చిన్నప్పుడే చేరిన పిల్లలకు ఇంటి భాష త్వరగా జారిపోవడం, తర్వాత తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య మంచీ చెడూ చెప్పుకునే భాషే లేకుండా పోవడం ఆమె గమనించారు. మన ఇళ్లలో అమ్మానాన్నలకు ఇంగ్లిష్ వచ్చు కాబట్టి అంత దూరం రాదు. కానీ ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మమ్మ, పదేళ్ల మనవరాలు ఒకే సోఫాలో కూర్చుని చెరో ఫోన్ చూసుకుంటున్న ఇళ్లు ఇప్పటికే ఉన్నాయి. మూడేళ్లప్పుడు ఇంట్లో ఉచితంగా వస్తున్న భాషను ఆపేసి, ఏడేళ్లకు ఫీజు కట్టి వారాంతపు తరగతుల్లో చేర్పించడం నాకు వింతగానే ఉంటుంది. ఆ తరగతులు మంచివే. ఇంట్లో మాట ఉన్న పిల్లలకు అవి అక్షరాలు నేర్పుతాయి. మాటే లేనివాళ్లకు వారానికి రెండు గంటలు ఏం సరిపోతాయి?

టీచర్‌కు ఏం చెప్పాలన్నది మిగిలింది. ఆమె మంచికే చెప్పింది, గొడవ పడనక్కర్లేదు. ‘ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఇంగ్లిష్ మీ దగ్గర నేర్చుకుంటాడు’ అని చెప్పి, ఒక కాగితం మీద పది మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసివ్వండి. నీళ్లు, ఆకలి, నొప్పి, నిద్ర, అమ్మ వస్తుంది, ఇంకా మీ ఇంట్లో ఒంటికి రెంటికి ఏమంటారో అవి. ఎలా పలకాలో ఒకసారి మీరే పలికి వినిపించండి. వాడు ఏడుస్తున్నప్పుడు ఆమె వంకర ఉచ్చారణతోనైనా ‘అమ్మ వస్తుంది’ అనగలిగితే, ఆ గదిలో వాడికి అర్థమయ్యే మాట అనే మనిషి ఒకరైనా ఉంటారు.