విప్పదగినది, విప్పరానిది

తెలుగు బోధించే అధ్యాపకుడు పందెపు కారును గురించి వ్యాసం వ్రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. గణవిభజన చేయవలసినవాడికి గేర్లతో పనేమిటని తోటి అధ్యాపకులు ఇప్పటికే పరిహాసం చేశారు. నేను ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్నది ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే. అయితే నా తొలి పాఠశాల మాత్రం పటాన్‌చెరులో రహదారి పక్కన మా అబ్బాజాన్ నడిపిన మోటారు షెడ్డు. పలక పట్టకముందే పానా పట్టినవాడిని కనుక ఈ విషయంలో రెండు మాటలు చెప్పే అధికారం నాకు కొంత ఉన్నదని భావిస్తున్నాను.

గత సంవత్సరం మన విద్యార్థులు కొందరు ఒక విన్నపంతో నా వద్దకు వచ్చారు. ఒక పాత మారుతి 800 కారును కొని, దాని బరువు తగ్గించి, పందెపు కారుగా మలచాలని వారి కోరిక. అందుకు కళాశాల ఆవరణలో ఒక మూల రేకుల కప్పు వేయించి ఇమ్మని వారు అడిగారు. కమిటీ పెద్దలు వెంటనే అంగీకరించలేదు. ఇది ధనికుల వినోదమని ఒకరు, ప్రమాదకరమని మరొకరు, పాఠ్యప్రణాళికలో లేనిదని వేరొకరు అన్నారు. ఆ సందేహాలు నిర్లక్ష్యం చేయదగినవి కావు. అయినను ఆ విన్నపాన్ని మన్నించడమే కళాశాలకు శ్రేయస్కరమని నా దృఢాభిప్రాయం. ఎందుకో సవినయంగా మనవి చేస్తాను.

మొదట కారును గురించి. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 కారు కొనుగోలుదారు చేతికి అందినది. వెనుక తలుపు పైకి తెరుచుకొనే ఇటువంటి చిన్న కార్లను హ్యాచ్‌బ్యాక్ అంటారు. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల ఇంజన్, 12 అంగుళాల చక్రాలు, ముందు చక్రాలకే చోదకశక్తి. బరువు సుమారు 650 కిలోలు. శక్తి సుమారు 37 అశ్వబలం. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయేవరకు ఇరవై అయిదు లక్షలకు పైగా కార్లు తయారైనాయి. మన దేశంలోని మధ్యతరగతి కుటుంబాలను స్కూటరు మీదినుండి కారులోకి ఎక్కించినది ఇదే. నేడు వీటిలో అనేకం పాత ఇనుప సామానుల కొట్లకు చేరుతున్నవి. విడిభాగాలు సులభంగా దొరుకుతాయి. విప్పి బిగించడం తెలిసిన ఉస్తాదులు మన ప్రాంతంలో వీధికొకరు ఉన్నారు.

ఇటువంటి సామాన్యమైన చిన్న కారునుండి పందెపు కారు పుట్టడం వింత కాదు. 1948లో లండనులో ఇంజనీరింగు చదువుతున్న కాలిన్ చాప్‌మన్ అనే యువకుడు పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి తన మొదటి పోటీ కారును నిర్మించుకొన్నాడు. ఆ పనినుండే తరువాత ప్రపంచప్రసిద్ధమైన లోటస్ సంస్థ ఉదయించినది. కుటుంబాల కోసం తయారైన మినీ అనే బుల్లి కారు 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటె కార్లో రాలీని గెలిచినది. మనకు దగ్గరి ఉదాహరణ కోయంబత్తూరులో ఉన్నది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పేరుగాంచిన లక్ష్మీ మిల్స్ వారి ఇంటివాడైన సుందరం కరివర్ధన్, మారుతి 800 ఇంజన్‌తోనే ఒంటి సీటు పందెపు కారును రూపొందించాడు. ఫార్ములా మారుతి అని పేరు పొందిన ఆ కార్లతో ఎందరో యువకులు తక్కువ ఖర్చుతో పందెపు విద్య నేర్చుకొన్నారు. 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్న మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడ ఆ మెట్టు ఎక్కి వెళ్ళినవాడే. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన కరివర్ధన్ పేరుమీదనే కోయంబత్తూరు సమీపాన కరి మోటార్ స్పీడ్‌వే వెలసినది. కనుక ఇది కేవలం ధనికుల వినోదమనే మాట పూర్తిగా సత్యం కాదు. ధనికుడైన కరివర్ధన్ చేసిన మేలు, దానిని ధనం తక్కువైనవారికి అందుబాటులోకి తేవడమే.

ఇక విద్య మాట. బరువు తగ్గించడమంటే ఏమి నేర్చుకోవడం? మన కుర్రవాళ్ళు వేగమనగానే ఇంజన్ వైపు చూస్తారు. కాని లెక్క వేసి చూడండి. కారు 650 కిలోలు, నడిపేవాడు 70 కిలోలు, మొత్తం 720. దీనికి 37 అశ్వబలం అంటే టన్నుకు సుమారు 51. నికరంగా 70 కిలోలు తగ్గించగలిగితే టన్నుకు సుమారు 57 అవుతుంది. ఇదే ఫలితాన్ని బరువు తగ్గించకుండా సాధించాలంటే ఇంజన్‌ను 41 అశ్వబలానికి పెంచాలి. అంతేకాదు, ఇంజన్ బలం పెంచినందువల్ల వేగం అందుకోవడంలో మాత్రమే లాభం. తేలికైన కారు వేగం త్వరగా అందుకొంటుంది, తక్కువ దూరంలో ఆగుతుంది, మలుపులో టైర్ల పట్టు నిలుపుకొంటుంది. బ్రేకులు అంతగా వేడెక్కవు, టైర్లు త్వరగా అరగవు. భౌతికశాస్త్రంలో చదివిన గతిశక్తి సూత్రం పరీక్ష పత్రంలోనుండి దిగివచ్చి చేతికి తగిలేది ఇక్కడే.

అయితే ఏమి తీయాలి? వెనుక సీటు, నేలమీది తివాచీ, దాని కింద చప్పుడు రాకుండా అతికించిన తారు పొరలు, తలుపుల లోపలి అట్టలు, స్టెపినీ, జాకీ, పాటల పెట్టె. ఇవి తీస్తే కారు బలానికి నష్టం లేదు. ఏమి తీయరాదు? పైకప్పును మోసే స్తంభాలు, నేల రేకు, గుమ్మపు అంచులు. లారీకి కింద వేరుగా చాసిస్ ఉంటుంది. బరువంతా అది మోస్తుంది. మారుతి వంటి కారుకు అటువంటి వేరు చాసిస్ లేదు. పలుచని రేకులన్నీ పెట్టెవలె కలిసి బరువు మోస్తాయి. ఒకచోట కోసినవాడు అంతటా బలహీనపరచినవాడే.

పిదప, తీసినదానికి బదులు చేర్చవలసినవి ఉన్నవి. కారు బోర్లపడినా తల నలగకుండా అతుకులేని ఉక్కు గొట్టాలతో లోపల ఒక పంజరం బిగించాలి. నీళ్ళ పైపులు దానికి పనికిరావు. గట్టి సీటు, భుజాలమీదుగా వచ్చే పట్టీలు, అగ్నిమాపక సిలిండరు, విద్యుత్తును ఒక్కసారిగా ఆపే మీట కావాలి. వీటన్నిటితో మరల యాభై కిలోల వరకు బరువు పెరుగుతుంది. అందువల్ల నికరంగా 70 కిలోలు తగ్గాలంటే 120 కిలోలు తీయవలసి ఉంటుంది. ఈ యాభై కిలోలు ఎందుకు మోయాలని అడిగే విద్యార్థి ఇంకా పాఠం నేర్చుకోలేదన్నమాట.

ఇంకొక సూక్ష్మం కలదు. ముందు చక్రాలతో నడిచే ఈ కారులో ఇంజన్, గేరుపెట్టె ముందే ఉన్నవి. వెనుకనుండి మాత్రమే సామాను తీస్తూ పోతే వెనుక చక్రాలమీద భారం మరీ తగ్గిపోతుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొని కారు తోక తిరుగుతుంది. అందుకే తెలిసినవారు బ్యాటరీని వెనుకకు మారుస్తారు, వెనుక బ్రేకుల ఒత్తిడిని సరిచూస్తారు. ఎంత తీశామన్నది ఒక లెక్క; ఎక్కడనుండి తీశామన్నది అంతకన్న ముఖ్యమైన లెక్క. దీనికి గొప్ప ప్రయోగశాల అవసరం లేదు. మన లక్డారం చుట్టూ రాతి క్వారీలు, క్రషర్లు ఉన్నవి; కంకర లారీలను తూచే కాంటాలు ఉన్నవి. ముందు చక్రాలు మాత్రమే కాంటామీద నిలిపి ఒకసారి, వెనుక చక్రాలు మాత్రమే నిలిపి ఒకసారి తూచితే బరువు పంపకం తెలిసిపోతుంది. విప్పిన ప్రతి వస్తువును పాత సామానుల కొట్టులోని త్రాసుమీద తూచి పుస్తకంలో వ్రాసుకోవచ్చును. ప్రతి ఉదయం మన వాకిలి ముందునుండి పోయే కంకర లారీలు తూగే కాంటాయే మన విద్యార్థులకు భౌతికశాస్త్ర ప్రయోగశాల కాగలదు.

ఇంతవరకు లాభాలు చెప్పాను. ఇప్పుడు ప్రమాదం సంగతి. దీనిని చెప్పకుండా దాటవేసే హక్కు నాకు లేదు.

కొన్నేళ్ళ క్రితం మన పూర్వ విద్యార్థి ఒకడు తన పాత కారును నాకు చూపడానికి కళాశాలకు తెచ్చాడు. వెనుక సీటు లేదు. సైలెన్సరు మార్చాడు. కారు కిందికి దిగి కనిపించడానికి స్ప్రింగులను కోయించాడు. షెడ్డులో పెరిగినవాడిని కనుక స్ప్రింగు కోసిన సంగతి ఒక్క చూపులో గ్రహించాను. అది ఎంత అపాయమో కూడ నాకు తెలుసు. కాని చుట్టూ విద్యార్థులు చప్పట్లు కొడుతున్నారు. అతని ముఖం వెలిగిపోతున్నది. తెలుగు అధ్యాపకుడిని, నాకెందుకులే అనుకొన్నాను. “బాగున్నదిరా” అన్నాను. ఆ వానకాలంలోనే తడిసిన రహదారిమీద లారీని తప్పించబోయి బ్రేకు తొక్కితే కారు తోక తిరిగి విభాజకానికి కొట్టుకొన్నది. నడిపినవాడు బ్రతికి బయటపడ్డాడు. సీటు లేని వెనుక భాగంలో కూర్చున్న అతని స్నేహితుడు నేటికీ కర్ర ఊతంతో నడుస్తున్నాడు. ఆ స్నేహితుని ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మీ నాకు చాయ్ ఇచ్చి, “మీరు సార్ కదా, మీ మాట వింటారు కదా” అన్నది. ఆమె నన్ను నిందించలేదు. ఆ మాట మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

అందుచేతనే చెబుతున్నాను: మనం చోటు ఇవ్వకపోతే ఈ పని ఆగిపోదు. ఆవరణలో జరగవలసినది అర్ధరాత్రి రహదారిమీద జరుగుతుంది. అక్కడ తూచేవాడు లేడు, లెక్క అడిగేవాడు లేడు, తప్పు అని చెప్పేవాడు లేడు. చప్పట్లు కొట్టేవారు మాత్రం ఉన్నారు. ప్రమాదకరం కనుక వద్దనే వాదాన్ని తలక్రిందులు చేసి చూడవలసి ఉన్నది. ప్రమాదకరం కనుకనే పెద్దల కళ్ళముందు జరగాలి.

చట్టం కూడ ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రోడ్డుమీద తిరిగే వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల దృఢపరచినది. కనుక మన విద్యార్థులు నిర్మించే కారు రిజిస్ట్రేషను రద్దు చేయించినదై ఉండాలి. సొంత చక్రాలమీద ఒక్క అడుగైనా రోడ్డుమీద నడవరాదు. పందెపు బాటకు వెళ్ళవలసివస్తే లారీమీద వెళ్ళాలి. అక్కడ తనిఖీ అధికారి అంగీకరిస్తేనే దిగాలి. అంగీకరించకపోతే వెనుదిరిగి వచ్చి లోపం సరిచేసుకోవాలి. ఒకవేళ ఆ కారు ఎన్నడూ పందెంలో దిగకపోయినా విద్యకు నష్టం లేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినది. విద్యుత్ కార్లు నగర వీధులలో పరుగెత్తగా చూచి మన విద్యార్థులెందరో ఆనందించారు. మరుసటి సంవత్సరం జరగవలసిన పోటీ రద్దయినది. ఆ వేడుకను నేను తక్కువ చేయడం లేదు. కాని అది మన పిల్లలను కంచెకు ఇవతల నిలబడిన ప్రేక్షకులనుగా చేసినది. రేకుల కప్పు కింద విప్పిన పాత మారుతి వారిని పనివారినిగా చేస్తుంది. ఏది మేలో కమిటీ పెద్దలే నిర్ణయించాలి.

ఇందులో మరొక న్యాయం కూడ ఇమిడి ఉన్నది. మన విద్యార్థులలో అనేకుల తండ్రులు, మామలు, అన్నలు షెడ్లలో పనిచేసేవారు. డెంటింగు, పెయింటింగు, వెల్డింగు, ఇంజన్ పని వారి చేతులలో ఉన్నది. చెవి ఆనించి ట్యాపెట్ల సందు సరిచేయగల ఉస్తాదుకు కాగితంమీద ఏ అర్హతా లేదు. కొడుకు కళాశాలలో చేరగానే తండ్రి వృత్తిని చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. నేనూ ఒకప్పుడు సిగ్గుపడినవాడినే. ఉస్తాదును వారానికి రెండు రోజులు గౌరవవేతనంతో మన ఆవరణకు పిలిచి, భౌతికశాస్త్ర అధ్యాపకుని పక్కన నిలబెట్టండి. ఉస్తాదు చేతిలోని విద్యకు కారణం అధ్యాపకుడు చెబుతాడు. అధ్యాపకుని సూత్రానికి రూపం ఉస్తాదు చూపుతాడు. జరిగిన పనినంతా విద్యార్థులు తెలుగులోను ఉర్దూలోను ఒక దినచర్య పుస్తకంలో వ్రాయాలి. దానిని దిద్దే బాధ్యత సంతోషంగా నేను స్వీకరిస్తాను. ఏ షరతు తప్పినా ఆ షెడ్డుకు తాళం వేయవలసినదిగా ముందుగా కోరేవాడినీ నేనే అవుతాను.

మా అబ్బాజాన్ ఎక్కువగా మాట్లాడేవారు కారు. పనికి కొత్తగా వచ్చిన షాగిర్దుతో మాత్రం ఒక మాట తప్పక చెప్పేవారు: “విప్పడం అందరికీ వస్తుంది బేటా. ఏది విప్పకూడదో తెలిసినవాడే ఉస్తాదు.” ఆ మాటను నేను ఆనాడు ఆ విద్యార్థికి చెప్పి ఉండవలసినది. చెప్పలేదు. ఇకముందు వచ్చేవారికి చెప్పడానికి ఒక చోటు ఇమ్మని కమిటీ పెద్దలను సవినయంగా ప్రార్థిస్తున్నాను.