నెల్లూరు పేరు మీద మన ఎముకలు

ఫ్లోరోసిస్ అనగానే నల్గొండ అంటారు. ఈమధ్య మాకు సమీక్షకు వచ్చిన ఒక వైద్య పదకోశమూ అంతే చేసింది. లాటిన్ మూలం చెప్పి, గ్రీకు ప్రత్యయం విడదీసి, పక్కన నల్గొండ అని వేసి ఊరుకుంది. నల్గొండ వాళ్లు పోరాడి తమ బాధను దేశానికి వినిపించారు, వాళ్లతో మాకు పేచీ లేదు. మా కోపం పదకోశం మీద.

మన దేశంలో మనుషులకు వచ్చే ఈ జబ్బును శాస్త్రం మొదట నమోదు చేసింది దర్శి, పొదిలి, కనిగిరి వైపు. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన వ్యాసం 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో అచ్చయింది. ఆ తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లావి కాబట్టి శీర్షికలో నెల్లూరు పడింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో అది ప్రకాశం అయింది. శీర్షిక అలాగే ఉండిపోయింది. మన ఊళ్లు అందులో కనబడకుండా పోయాయి.

ఇక పదకోశం చెప్పిన మూలానికి వద్దాం. లాటిన్‌లో పారడం అనే అర్థమున్న క్రియ ఒకటుంది. కొలిమిలో లోహం సులువుగా కరిగి పారడానికి వేసే రాయికి 16వ శతాబ్దిలో ఖనిజ శాస్త్రవేత్త అగ్రికోలా ఆ క్రియ నుంచే పేరు పెట్టాడు. ఆ రాయిలోని మూలకానికి 1812లో శాస్త్రవేత్త ఆంపియర్ ఫ్లోరిన్ అనే పేరు సూచిస్తే రసాయన శాస్త్రవేత్త డేవీ అందుకున్నాడు. ఇంతవరకు పదకోశం చక్కగానే చెప్పింది. పారించే రాయి పేరు, ఒళ్లు వంచలేని మనిషి జబ్బుకు ఎలా వచ్చింది? రాతిపొరల్లోని ఫ్లోరైడ్ బావినీళ్లలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగిన వాళ్ల ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లను కట్టి ఉంచే పట్టీలకు సున్నం పట్టి వెన్ను బిగుసుకుపోతుంది. ఆ నీళ్లే తాగిన ఎద్దులు నడవలేకపోవడాన్ని డాక్టర్ల కంటే ముందు రైతులు గమనించారు. ఆ గమనింపు పదచరిత్రలో భాగం కాదా?

పదకోశం పని మూలం చెప్పడమే, ఊళ్ల చరిత్ర కాదంటారు కొందరు. మరి నల్గొండ పేరెందుకు వేసినట్టు?

మన రచయితలనూ అడగాలి. పత్తి రైతు అప్పు మీద, మిర్చి యార్డు మీద మాకు కథలు వస్తూనే ఉన్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు తాగిన దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఊళ్ల మీద రావడం లేదు. గుంటూరు దాటి అద్దంకి మీదుగా దర్శి వెళ్లడానికి ఒక్క పూట చాలు. ఆ పూట మన కథకులకు దొరకలేదు.

పదకోశకర్తలు మలిముద్రణలో ఆ మూడు తాలూకాల పేర్లు చేర్చాలి. ఈ జబ్బుకు, ఆ నీళ్లకు ఇళ్లలో వాడే మాటలను అక్కడి పాఠకులు మాకు రాసి పంపాలి. వచ్చిన మాట వచ్చినట్టే అచ్చు వేస్తాం.